టీవీలో మందు, డాక్టరు గదిలో మన నోట

(న్యూజెర్సీ ఎడిసన్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం పెద్దల కోసం పెట్టుకున్న సమావేశంలో ఒక ఫార్మసిస్టు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకు వినపడుతోందా? బాబాయిగారూ, ఆ తలుపు కాస్త దగ్గరికి వేయండి, పిల్లలు బయట ఆడుకుంటున్నారు. ఆఁ, ఇప్పుడు బాగుంది.

మీరు వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని రమ్మన్నాం. తెచ్చారు కదా? వాటి సంగతి చివర్లో చూద్దాం. ముందు ఒక కవరు గురించి చెప్తాను.

కొన్నేళ్ల కిందట నేను పనిచేసే ఫార్మసీ కౌంటర్ దగ్గరికి ఒక పెద్దావిడ వచ్చారు. ఇక్కడే కూతురి దగ్గర ఉంటున్నారు. నేను తెలుగు మాట్లాడతానని ఎవరో చెప్పారట. పర్సులోంచి పాత కరెంటు బిల్లు కవరు తీసి నా ముందు పెట్టారు. దాని వెనక పెన్సిల్‌తో, తెలుగు అక్షరాల్లో, ఒక మందు పేరు. రెండుసార్లు రాసి కొట్టేశారు, మూడోసారి సరిగ్గా వచ్చింది. టీవీలో ఆ ప్రకటన వచ్చినప్పుడల్లా ఒక్కో అక్షరం దిద్దుకున్నారట. "అమ్మాయ్, ఇది మోకాళ్ల నొప్పులకేనా? ఆ టీవీలో ఆవిడ మనవడితో సమానంగా గుట్ట ఎక్కేస్తోంది. నాకంటే పెద్దదానిలా ఉంది. రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను, అడగనా?" అన్నారు.

ఆ మందు కీళ్లవాతానికి, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి. మన రోగనిరోధక శక్తే దారితప్పి మన కీళ్ల మీద పడే జబ్బు అది. ఆవిడది వయసుతో కీలు అరిగిపోయిన నొప్పి. రెండూ మోకాళ్ల నొప్పే, కానీ జబ్బులు వేరు. పైగా ఆ మందు చేసే పనేమిటి? రోగనిరోధక శక్తిని అణచడం. ఇది మనవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సిన విషయం. ఇండియాలో పుట్టి పెరిగిన చాలామందిలో క్షయ క్రిమి ఎప్పుడో ఒంట్లో చేరి, ఏ జబ్బూ చేయకుండా నిద్రపోతూ ఉంటుంది. ఆ రకం మందు వేసుకుంటే అది నిద్ర లేవచ్చు. అందుకే మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష చేస్తారు. ఈ మాట ఆ ప్రకటనలో ఉంది, లేదనడం లేదు. ట్యూబర్‌క్యులోసిస్ అని ఆ గొంతు చెప్పింది. కానీ ఎప్పుడు చెప్పింది? మనవడు గుట్ట మీద నిలబడి చెయ్యి ఊపుతున్నప్పుడు చెప్పింది. ఇంగ్లీషులో, గబగబా చెప్పింది. ఆవిడ దాకా చేరింది రెండే: మందు పేరు, గుట్ట ఎక్కుతున్న ఆవిడ. మిగతాదంతా గాలికి పోయింది.

ఆ కవరు చూసిన రోజు నుంచి నన్ను ఒక ప్రశ్న వదల్లేదు. సబ్బుకి ప్రకటన ఇస్తే అర్థముంది. చూస్తాం, కొట్టుకెళ్తాం, కొంటాం. డాక్టరు చీటీ లేనిదే నేను చేతిలో పెట్టలేని మందుకి టీవీలో ప్రకటన ఎందుకు? చూసేవాళ్లెవరూ నేరుగా కొనలేరు కదా? మరి అన్ని డబ్బులు ఎందుకు పోస్తున్నారు?

మీకు మన ఊళ్ల సంగతి గుర్తు చేస్తాను. విజయవాడ సూర్యారావుపేటలో ఏ క్లినిక్‌కి వెళ్లినా, పేషెంట్ల మధ్య టై కట్టుకుని, నల్ల బ్యాగు ఒళ్లో పెట్టుకుని ఒకబ్బాయి కూర్చుని ఉంటాడు. చూశారా లేదా? మెడికల్ రెప్. లోపలికి వెళ్లి డాక్టరు ముందు తన కంపెనీ మందు పేరు చెప్పి రావడం అతని పని. టీవీ ప్రకటన చేసేది కూడా అదే పని. కాకపోతే ఇక్కడ బ్యాగు మన చేతికి ఇస్తుంది. డాక్టరు గదిలోకి ఆ పేరు మోసుకెళ్లేది మనమే. జీతం లేని మెడికల్ రెప్‌లం. ప్రకటన చివర ఏమంటారు? "మీ డాక్టరుని అడగండి" అంటారు. అది సలహాలా వినిపిస్తుంది. నిజానికి ఆ ప్రకటన మొత్తంలో అసలు మాట అదే.

ప్రపంచంలో డాక్టరు చీటీ మీద అమ్మే మందులకి పేరుపెట్టి ఇలా జనానికి ప్రకటనలు ఇచ్చుకోనిచ్చే సంపన్న దేశాలు రెండే. ఒకటి అమెరికా, రెండోది న్యూజిలాండ్. మన దేశంలో షెడ్యూల్ హెచ్ మందులకి, అంటే చీటీ మీదే అమ్మాల్సిన వాటికి, కేంద్ర ప్రభుత్వం ముందుగా అనుమతిస్తే తప్ప, ప్రకటన ఇవ్వకూడదు. ఇండియాలో మందుల ప్రకటనల బాధ లేదని నేను అనడం లేదు. అది వేరే రకం బాధ, ఇంకో రోజు మాట్లాడుకుందాం.

మరి అమెరికాలో ఇది ఎలా మొదలైంది? ఎప్పటినుంచో ఉందనుకుంటాం. లేదండీ. 1962లో వచ్చిన చట్టంతో ప్రిస్క్రిప్షన్ మందుల ప్రకటనల మీద అజమాయిషీ ఎఫ్‌డీఏకి, అంటే మందులకి అనుమతి ఇచ్చే ప్రభుత్వ సంస్థకి, వచ్చింది. అప్పట్లో ఆ ప్రకటనలన్నీ డాక్టర్ల పత్రికల్లోనే. మంచి ఎంత చెప్పారో చెడూ అంత చెప్పాలి, దుష్ప్రభావాల వివరం మొత్తం ఇవ్వాలి అని నియమం పెట్టారు. పత్రికలో అయితే చిన్న అక్షరాల్లో ఒక పేజీ నింపేస్తారు. టీవీలో అదంతా చదవాలంటే ఎంతసేపు పడుతుంది? అందుకే చాలాకాలం టీవీ జోలికి ఎవరూ పోలేదు.

1983లో బూట్స్ అనే బ్రిటిష్ కంపెనీ మొదటిసారి పోయింది. రూఫెన్ అని వాళ్ల నొప్పి మందు. లోపల ఉన్నది ఐబుప్రోఫెన్, అప్పట్లో దానికీ చీటీ కావాలి. ఆ ప్రకటనలో ఏం చెప్పారో తెలుసా? మా మందు ఫలానా పెద్ద బ్రాండు కంటే చవక అని చెప్పారు. అంతే. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను. ఎఫ్‌డీఏ వెంటనే ఆపమంది. తర్వాత కొంతకాలం ఇలాంటివి ఎవరూ ఇవ్వకండి, ఆలోచించుకోవాలి అని కంపెనీలను కోరింది. 1985లో ఆ విరామం ఎత్తేసింది, కానీ పాత నియమం అలాగే ఉంది.

అప్పుడు కంపెనీలు ఒక దారి కనిపెట్టాయి. మందు పేరు, జబ్బు పేరు రెండూ చెబితేనే కదా వివరమంతా ఇవ్వాలి? ఏదో ఒకటే చెబితే పోలేదా? అందుకని క్లారిటిన్ ప్రకటనల్లో నీలాకాశం చూపించి, మందు పేరు చెప్పి, డాక్టరుని అడగండి అని ఊరుకున్నారు. అది ఎలర్జీ మందు అనే మాటే ఉండదు. జనం డాక్టర్ల దగ్గరికి వెళ్లి, ఆ మందు నాకు పనికొస్తుందా, అసలు అది దేనికి, అని అడిగేవాళ్లు.

1997 ఆగస్టులో ఎఫ్‌డీఏ వెసులుబాటు ఇచ్చింది. టీవీలో ముఖ్యమైన ప్రమాదాలు చెబితే చాలు. మిగతా వివరాలకి ఒక ఫోన్ నంబరు, ఒక వెబ్‌సైటు, ఒక పత్రిక ప్రకటన చూపించి, డాక్టరుని అడగండి అంటే సరిపోతుంది. అక్కడ గేటు తెరుచుకుంది. 1997లో జనం కోసం ఇచ్చే ప్రిస్క్రిప్షన్ మందుల ప్రకటనల ఖర్చు 130 కోట్ల డాలర్లు. 2016 నాటికి 600 కోట్లు. ఇంకొకటి తెలుసుకోవాలి. ప్రకటన ప్రసారం కాకముందు ఎఫ్‌డీఏ చూసి ముద్ర వేస్తుందని చాలామంది నమ్ముతారు. మీలో ఎంతమంది అలా అనుకున్నారు? చేతులెత్తండి. చూశారా, సగం మంది పైనే. మందుకి అనుమతి ఇచ్చేది ఎఫ్‌డీఏ, నిజమే. ప్రకటనకి మాత్రం మామూలుగా ముందస్తు అనుమతి అక్కర్లేదు. తప్పుంటే తర్వాత నోటీసు పంపుతారు.

సరే, ఏ మందులకి ప్రకటనలు ఇస్తారు? మీ సంచుల్లోకి చూడకుండానే చెప్తాను, షుగరుకి మెట్‌ఫార్మిన్ ఉంటుంది. అవునా? బీపీకి ఆమ్లోడిపిన్ ఉంటుంది. ఆ పేర్లు టీవీలో ఎప్పుడైనా విన్నారా? వినరు. అమెరికాలో పది ప్రిస్క్రిప్షన్లలో తొమ్మిది ఇలాంటి జెనెరిక్ మందులే, అంటే పేటెంటు తీరిపోయి ఎవరైనా తయారు చేసుకోగలిగినవే. వాటిలో ఎన్నో మన హైదరాబాదు చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో తయారై వస్తాయి. నేను రోజూ సీసాలు తిప్పి చూస్తాను, లేబుల్ మీద ఆ పేర్లు కనిపిస్తే ఏదో సంతోషం. వాటిని నలుగురు తయారు చేస్తారు కాబట్టి ధర పడిపోతుంది, ప్రకటన ఇచ్చి ఎవరూ సంపాదించేది ఉండదు. పేటెంటు ఉన్నన్నాళ్లు, ధర పైన ఉన్నన్నాళ్లే ప్రకటన. అంటే టీవీలో మాటిమాటికీ వినిపిస్తోందంటే దానర్థం మంచి మందు అని కాదు, ఖరీదైన మందు అని.

ఇది నా ఊహ కాదు. 2023లో జామా నెట్‌వర్క్ ఓపెన్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. టీవీలో ఎక్కువగా కనిపించే మందుల్లో, ఇతర దేశాల స్వతంత్ర సంస్థలు విలువ కట్టినవి 73 తీసుకున్నారు. వాటిలో 53 మందులు, అప్పటికే ఉన్న చికిత్సల కంటే పెద్దగా అదనపు మేలు చేసేవి కావని తేలింది. నూటికి 73 అన్నమాట. బాగా పనిచేసే మందుని డాక్టర్లు ఎలాగూ రాస్తారు కదా. తోసుకుపోవాల్సిన అవసరం వేరే మందుకే ఉంటుంది.

ఇక్కడ వయాక్స్ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. 1999లో వచ్చిన నొప్పి మందు, మెర్క్ కంపెనీది. మిగతా నొప్పి మందుల కంటే కడుపులో పుండ్లు తక్కువ తెస్తుంది, అది దాని గొప్ప. ఐస్ మీద స్కేటింగ్ చేసి ఒలింపిక్ బంగారు పతకం గెలిచిన డొరొతీ హామిల్ ఆ ప్రకటనలో కనిపించేది. 2000 సంవత్సరం ఒక్కదానిలో దాని ప్రకటనలకి 16 కోట్ల డాలర్లు పోశారు. ఆ ఏడాది పెప్సీకి, బడ్వైజర్ బీరుకి కూడా అంత ఖర్చు పెట్టలేదు. అదే 2000లో పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. నాప్రోక్సెన్ అనే పాత మందుతో పోలిస్తే వయాక్స్ వాడినవాళ్లలో గుండెపోట్లు ఎక్కువ కనిపించాయి. కాదు, ఆ నాప్రోక్సెనే గుండెని కాపాడుతోందేమో అని కంపెనీ వాదించింది. ప్రకటనలు సాగాయి. 2004 సెప్టెంబరు 30న కంపెనీయే మందుని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. అప్పటికి అమెరికాలో రెండు కోట్ల మంది వాడారు. రోఫెకాక్సిబ్ అన్న పేరుతో ఇండియాలోనూ అమ్మారు, అక్కడా అదే ఏడాది నిషేధించారు.

నన్ను బాధపెట్టేది ఏమిటంటే, కడుపులో పుండ్ల భయం ఉన్నవాళ్లు కొంతమందే. వాళ్లకి ఆ మందుతో ఒక ఉపయోగం ఉంది. మామూలు మాత్ర సరిపోయే లక్షలమంది అది ఎందుకు మింగారు? కొత్త మందు వచ్చిన మొదటి ఏళ్లలో దాని చెడు ఇంకా పూర్తిగా బయటపడదు. సరిగ్గా ఆ ఏళ్లలోనే ప్రకటన జోరు ఎక్కువ. మెల్లగా, అవసరమైనవాళ్లకి ముందు ఇచ్చి చూడాల్సినది, ఒక్కసారిగా అందరి ఇళ్లలోకి వెళ్లిపోతుంది.

"నేను అడిగితే మాత్రం డాక్టరు రాసేస్తాడా? ఆయనకి తెలియదా?" అని ఒక పెద్దాయన పోయినసారి అడిగారు. మంచి ప్రశ్న. దీన్ని పరీక్ష చేసి చూశారు. రిచర్డ్ క్రావిట్జ్ అనే డాక్టరు బృందం 2005లో జామా పత్రికలో వేసింది. నటించడం నేర్పిన ఆడవాళ్లని పేషెంట్లలా 152 మంది డాక్టర్ల దగ్గరికి పంపారు. ఇలా ఎవరో వస్తారని డాక్టర్లు ముందే ఒప్పుకున్నారు, కానీ ఎవరో, ఎప్పుడో తెలియదు. మొత్తం 298 సార్లు వెళ్లారు. కొందరు అసలైన డిప్రెషన్ లక్షణాలు చెప్పారు. కొందరు తేలికపాటి దిగులు చెప్పారు, పరిస్థితులు మారి వచ్చిన దిగులు, మందు అంతగా అక్కర్లేనిది. రెండు గుంపుల్లోనూ కొందరు ఏ మందూ అడగలేదు. కొందరు, ఏదైనా మందు ఉందా అన్నారు. కొందరు, టీవీలో పాక్సిల్ అని డిప్రెషన్ మందు చూశాను, అది నాకు పనికొస్తుందా అన్నారు.

తేలికపాటి దిగులు చెప్పి, మందు అడగనివాళ్లలో నూటికి పదిమందికే డిప్రెషన్ మందు రాశారు. పాక్సిల్ పేరు చెప్పినవాళ్లలో? నూటికి 55 మందికి. అదే దిగులు, అవే మాటలు, ఒక్క పేరు తేడా. పది ఎక్కడ, 55 ఎక్కడ!

డాక్టర్లు చెడ్డవాళ్లని కాదు. పదిహేను నిమిషాలు టైము ఉంటుంది. బయట నలుగురు ఎదురు చూస్తుంటారు. ఆ మందు ఎందుకు వద్దో విడమరచి చెప్పడానికి పది నిమిషాలు, రాసివ్వడానికి అర నిమిషం. కాదంటే పేషెంటు చిన్నబుచ్చుకుంటారేమో అన్న టెన్షన్ ఒకటి. కంపెనీలు డాక్టర్లని కూడా వదిలిపెట్టలేదు. 2016లో జనం మీద 600 కోట్లు పెడితే, డాక్టర్లూ నర్సుల మీద 2,000 కోట్ల డాలర్ల పైన పెట్టారు, అందులో ఎక్కువ భాగం ఉచిత శాంపిళ్లే. అంటే ఆ గదిలోకి మందు రెండు తలుపుల నుంచి వస్తుంది. ఒక తలుపు నుంచి శాంపిల్, ఇంకో తలుపు నుంచి మన నోట పేరు.

అదే పరీక్షలో ఇంకో వైపు ఉంది, అది దాచడం న్యాయం కాదు. నిజంగా డిప్రెషన్ లక్షణాలు చెప్పి, ఏమీ అడగకుండా కూర్చున్నవాళ్లలో నూటికి 56 మందికే కనీస వైద్యం అందింది. ఏదైనా మందు ఉందా అని అడిగినవాళ్లలో 98 మందికి అందింది. అంటే అడగడం తప్పు కాదు. నోరు తెరిచి అడగాల్సిందే. మన తల్లిదండ్రుల తరం మనసు బాగోలేదని డాక్టరు దగ్గర అనదు, నిద్ర పట్టట్లేదు అంటారు, నడుము నొప్పి అంటారు. అలాంటివాళ్లకి, ఇది జబ్బే, దీనికి మందు ఉంది అని టీవీ చెబితే ఆ మేరకు మేలే. కానీ ఆ 98 మంది బ్రాండు పేరు చెప్పినవాళ్లు కాదు, తమ బాధ చెప్పి సాయం అడిగినవాళ్లు. ఈ తేడా ఒక్కటి పట్టుకోండి.

ఇక ధర సంగతి. రూఫెన్ గుర్తుందా? మొట్టమొదటి టీవీ ప్రకటన చవక అని చెప్పింది. ఇప్పుడు ఏ ప్రకటనలోనైనా ధర విన్నారా? 2019లో ప్రభుత్వ ఆరోగ్య శాఖ ఒక నియమం తెచ్చింది. నెలకి 35 డాలర్లు దాటే మందు అయితే టీవీ ప్రకటనలో ధర చూపించాలి అని. మూడు పెద్ద కంపెనీలు కోర్టుకి వెళ్లాయి. అది అమల్లోకి వచ్చే ముందు రోజు జడ్జి అమిత్ మెహతా కొట్టేశారు. అలాంటి నియమం పెట్టే అధికారం ఆ శాఖకి చట్టం ఇవ్వలేదు అన్నారు. 2020లో పై కోర్టూ అదే చెప్పింది.

కౌంటర్ దగ్గర నేను చూసేది ఏమిటంటే, ప్రకటన చివర, డబ్బు ఇబ్బంది అయితే కంపెనీ సాయపడవచ్చు అంటారు. కూపన్ కార్డు ఇస్తారు. దాంతో ఉద్యోగస్థుడి ఇన్సూరెన్సు అయితే చేతి నుంచి ఐదో పదో డాలర్లు పడుతుంది. మిగతా వేలు ఇన్సూరెన్సు కడుతుంది, వచ్చే ఏడాది అందరి ప్రీమియంలో అది వచ్చి కూర్చుంటుంది. మెడికేర్, అంటే పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్సు, ఉన్నవాళ్లకి మాత్రం ఆ కూపన్ చెల్లదు, ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. ఆ ప్రకటనలు వచ్చేదేమో సాయంత్రం ఆరున్నర జాతీయ వార్తల మధ్యలో, పెద్దవాళ్లు టీవీ ముందు కూర్చునే వేళ. కార్డు పట్టుకుని వస్తారు. మీకు చెల్లదండీ అని నేను చెప్పాలి. ఆ మొహం చూడాలంటే ఇప్పటికీ నాకు కష్టంగానే ఉంటుంది.

నిషేధించవచ్చు కదా అంటారు. 2015లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ డాక్టర్లే నిషేధించమన్నారు. కానీ 1976లోనే ఇక్కడి సుప్రీంకోర్టు, వ్యాపార ప్రకటనకి కూడా వాక్‌స్వాతంత్ర్యం రక్షణ ఉందని చెప్పింది. అదీ మందుల ధరల ప్రకటన కేసులోనే. అందుకని పూర్తి నిషేధం అంత తేలిక కాదు. ప్రమాదాలు చెప్పేటప్పుడు స్పష్టంగా చెప్పాలి, రాసి కూడా చూపించాలి, దృష్టి మళ్లించే బొమ్మలూ సంగీతం పెట్టకూడదు అని 2023లో ఎఫ్‌డీఏ నియమం చేసింది. 2025 సెప్టెంబరులో అధ్యక్షుడు ట్రంప్ ఈ ప్రకటనల మీద కఠినంగా ఉండమని ఆదేశపత్రం ఇచ్చారు, 1997 నాటి వెసులుబాటుని మూసేస్తామని ఎఫ్‌డీఏ ప్రకటించింది. నా వరకు, ఆ గేటు ఎంత తొందరగా మూస్తే అంత మంచిది.

ఆ కవరు పెద్దావిడ ఏం చేశారని అడుగుతారు కదా. నేను కవరు మీద మందు పేరు కింద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసిచ్చాను. నా మోకాలికి ఏమైంది? మందు లేకుండా తగ్గే దారి ఉందా? మందే కావాలంటే పాతది, జెనెరిక్ ఉందా? నేను ఇండియా నుంచి వచ్చాను, టీబీ పరీక్ష ముందు చేయాలా? ఆవిడ మర్నాడు కూతురితో వెళ్లి అవే అడిగారు. ఎక్స్‌రే తీశారు, కీలు అరుగుదలే. ఫిజియోథెరపీకి పంపారు, పైన రాసుకునే డైక్లోఫెనాక్ జెల్ ఇచ్చారు. నెల తర్వాత వచ్చి, గుట్టలు ఎక్కట్లేదు గానీ అమ్మాయ్, మేడ మీదికి రెయిలింగ్ పట్టుకోకుండా వెళ్తున్నా అన్నారు.

సరే, ఇక సంచులు తీయండి. ఆ పక్క బల్ల దగ్గర ఇద్దరం కూర్చుంటాం. ఇన్సులిన్ వాడేవాళ్లు ముందు రండి, ఎక్కువసేపు కూర్చోలేరు. ఏ మందు దేనికి వేసుకుంటున్నారో మీకు తెలిసినంత మీరు చెప్పండి, మిగతాది మేం చూస్తాం. ఇండియా నుంచి తెచ్చుకున్న స్ట్రిప్పులు ఉంటే అవి కూడా బయట పెట్టండి, దాచకండి. పిన్నిగారూ, మీరే ముందు రండి.